రోడ్డు కుంగును కొలిచే మీట

బరువు లారీ వెళ్తుంటే ఎంత గట్టి తారు రోడ్డయినా చక్రం కింద కాస్త కుంగుతుంది. చక్రం దాటగానే మళ్లీ పైకి లేస్తుంది. మామూలుగా అది మిల్లీమీటరు అటూఇటూ ఉండే కదలిక, కంటికి ఆనదు. కానీ అడుగున ఉన్న కంకర, మట్టి పొరల సత్తువ ఎంతో తెలిపేది అదే. పగుళ్లు పైకి కనిపించేనాటికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది.

1950ల మొదట్లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, మాలాడ్ దగ్గర ఒక ప్రయోగ రోడ్డు వేశారు. వేర్వేరు మందాల్లో పొరలు పరిచి, వాటి మీద లారీలను పదేపదే తిప్పారు. ఆ పరీక్షల కోసమే ఇంజనీరు ఎ.సి. బెంకెల్‌మన్, రోడ్డు కుంగును కొలిచే బెంకెల్‌మన్ బీమ్ అనే సాధనాన్ని తయారుచేశారు. రోడ్డును తవ్వకుండానే దాని బలాన్ని అంచనా కట్టే దారి దొరికింది.

బెంకెల్‌మన్ బీమ్ చూడ్డానికి 3.66 మీటర్ల సన్నని దూలం. లారీ వెనక జంట టైర్ల మధ్య సందులోకి దూర్చి, దాని మొనను రోడ్డుకు ఆనిస్తారు. మొనకు 2.44 మీటర్ల దూరంలో దూలం ఊగే ఇరుసు, రెండో కొసన డయల్ గేజ్ ఉంటాయి. లారీ మెల్లగా ముందుకు కదలగానే రోడ్డు పైకి లేస్తుంది, గేజ్ ముల్లు తిరుగుతుంది. ఇరుసుకు గేజ్ వైపు పొడవు సగమే కాబట్టి, గేజ్‌లో వచ్చిన తేడాను రెట్టింపు చేస్తే అసలు కుంగు తెలుస్తుంది.

లారీ 2.7 మీటర్లు జరిగాక ఒకసారి, మరో 9 మీటర్లు జరిగాక ఇంకోసారి రీడింగ్ తీస్తారు. ఆ రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే, బీమ్‌ను నిలబెట్టే కాళ్లు కూడా కుంగిన చోటే నిలిచాయని అర్థం. లెక్క సరిదిద్దాల్సిందే.

మన దేశంలో ఈ పరీక్షకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1981లో మార్గదర్శకాలు ఇచ్చి, 1997లో సవరించింది. లారీ వెనక ఇరుసు మీద 8,170 కిలోల బరువుండాలి. ఎండకు తారు మెత్తబడుతుంది కనుక రోడ్డుకు చిన్న రంధ్రం చేసి, గ్లిసరాల్ పోసి, థర్మామీటరు పెట్టి వేడి చూస్తారు. కొలతను 35 డిగ్రీలకు సరిచేస్తారు. నేల బాగా నానే వానాకాలం ముగియగానే కొలవడం మేలు. పాత రోడ్డు మీద కొత్త పొర ఎంత మందం వేయాలో ఈ అంకెలే తేలుస్తాయి.

అయితే లారీ పాకినట్టు నడిచే ఈ పద్ధతి, పరుగెత్తే చక్రం దెబ్బను చూపలేదు. ఆ లోటును తీర్చింది ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్. బరువును పైనుంచి జారవిడిచి, చుట్టూ అమర్చిన సెన్సార్లతో కుంగిన గుంట ఆకారాన్నే పట్టేస్తుంది. దాన్నిబట్టి ఒక్కో పొర సత్తువను విడివిడిగా లెక్కించవచ్చు. మన దేశంలో 2014లో దీనికీ మార్గదర్శకాలు వచ్చాయి. అంత ఖర్చు పెట్టలేని చోట ఒక లారీ, ఒక బీమ్, ఒక డయల్ గేజ్‌తో పని జరిగిపోతుంది.