ఎండలో ముఖచిత్రము

కడప జిల్లా తుమ్మలపల్లెలో, వేసవి మధ్యాహ్నము, తలపాగా చుట్టిన పెద్దాయన ఎదుట నిలిచినచో మన కంటికి ఆయన ముఖము చక్కగానే కనిపించును. ఫోటోలో మాత్రము తలపాగా వెలిగిపోవును. కన్నులున్నచోట రెండు నల్లని నీడలు మిగులును. కన్ను వెలుగునకును, నీడకును క్షణములో సర్దుకొనును. కెమేరాకు అంతటి నేర్పు లేదు. ఈ తేడాను పుస్తకము చెప్పగలదు గాని, అలవాటు చేయజాలదు.

కనుక ఒక అభ్యాసము సూచించుచున్నాము. ఆ పెద్దాయననే ఒకే దినమున మూడుసార్లు తీసి చూడవలెను: ఉదయపు నీరెండలో, మిట్టమధ్యాహ్నము ఆరుబయట, పిదప వేపచెట్టు నీడలో. ప్రతిసారి కెమేరా అమరికను వ్రాసికొనవలెను. 100 వేగముగల ఫిలిమునకు నిండు ఎండలో ఎపర్చరు 16, షట్టరు సెకనులో 125వ వంతు సరిపోవును. చెట్టునీడలో ఎపర్చరును 5.6కు తెరచినచో ఎనిమిది రెట్ల వెలుగు లోనికి వచ్చును. సెల్‌ఫోనైనచో తెరపై ముఖమును వ్రేలితో తాకవలెను. వెనుకనున్న ఎండ తెల్లబోయినను చింతలేదు; మనకు కావలసినది ముఖము.

1844లో జన్మించిన రాజా దీన్ దయాళ్ రూర్కీలో చదివినది ఇంజనీరింగు. ఇండోరులో ఉద్యోగము చేయుచు 1870 దశకమున కెమేరా పట్టి, అనంతరము ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు.

పల్లెలలో ఎందరో పెద్దలకు తుదకు గోడమీద మిగులునది ఒక్క పటమే. దానిని మరల తీయ వీలుండదు. పొరపాట్లన్నియు ఇప్పుడే చేసి దిద్దుకొనుట మేలు.