ఓడినవాడు ఇచ్చిన మాట

పార్టీ ఎన్నికలో ఓడితే తలవంచుతానన్న నేత తలెగరేశారు. దక్షిణ కొరియాలో అధ్యక్షుడు మారారు, చట్టం మారింది. నేతల తీరే పెద్దగా మారలేదు.

1997 జులై 21. సోల్‌లోని ఒలింపిక్ జిమ్నాస్టిక్స్ స్టేడియంలో దక్షిణ కొరియా అధికార పక్షం న్యూ కొరియా పార్టీ మహాసభ. పనిలో పనిగా పెట్టిన ఎన్నిక కాదది. డిసెంబరులో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసేదెవరో తేల్చే ఎన్నిక. ఓటర్లు సుమారు పన్నెండు వేల మంది పార్టీ ప్రతినిధులు. తొలి రౌండులో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో రౌండులో మిగిలింది ఇద్దరు. ఒకరు మాజీ ప్రధాని, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లీ హోయ్ చాంగ్. రెండోవారు ప్రజలు నేరుగా ఎన్నుకున్న గ్యోంగీ రాష్ట్ర గవర్నర్, నలభై ఎనిమిదేళ్ల రీ ఇన్ జే. దాదాపు 60-40 తేడాతో లీ నెగ్గారు. ఫలితం ఎలా ఉన్నా కట్టుబడతామని బరిలోకి దిగినవారంతా అంతకుముందే మాటిచ్చారు. రీ కూడా ఇచ్చారు.

ఆ మాట రెండు నెలలు కూడా నిలవలేదు. సెప్టెంబరులో ఆయన గవర్నర్ పదవి వదిలారు, పార్టీ వదిలారు. అధ్యక్ష పదవికి సొంతంగా పోటీ చేస్తున్నట్లు ప్రకటించారు. నవంబరుకల్లా కొత్త పార్టీ కూడా వెలిసింది.

రీ వాదనలో పస లేదనలేం. లీ హోయ్ చాంగ్‌కు ఉన్న పెట్టుబడి నిజాయితీపరుడన్న పేరే. కొరియన్లు ఆయన్ను చీల్చిన వెదురుబద్దతో పోల్చేవారు, అంత తిన్నగా ఉంటారని. అలాంటి మనిషి కొడుకులిద్దరూ తగినంత బరువు లేరన్న కారణంతో నిర్బంధ సైనిక సేవ నుంచి తప్పించుకున్నారన్న విషయం అభ్యర్థిత్వం దక్కాక పెద్ద దుమారమైంది. ఉత్తర కొరియా సరిహద్దులో తమ కొడుకులను కాపలాకు పంపే తల్లిదండ్రులున్న దేశమది. లీ పలుకుబడి వారాల్లో కరిగిపోయింది. ప్రతిపక్ష నేత కిమ్ డే జంగ్‌ను ఢీకొట్టగలిగేది రీయేనని సర్వేలు చెప్పసాగాయి. తరం మారాలన్నది రీ నినాదం. గెలవలేని అభ్యర్థికి కట్టుబడి ఉంటే పార్టీ మునుగుతుందన్నది ఆయన మద్దతుదారుల లెక్క.

కానీ ఆ లెక్కలో ఒక చిక్కుంది. జనాదరణ పడిపోయిన ప్రతిసారీ అభ్యర్థిని మార్చుకోవచ్చనుకుంటే పార్టీలో ఎన్నిక పెట్టడమెందుకు? సర్వే చేయించుకుంటే సరిపోతుంది. ఓడినవారు ఒప్పుకుంటేనే గెలిచినవారి గెలుపుకు విలువ.

నష్టం ఎంత?

డిసెంబరు 18న పోలింగ్ నాటికి దేశం పరిస్థితి తలకిందులైంది. విదేశీ మారక నిల్వలు అడుగంటడంతో కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి గడప తొక్కింది. 5,500 కోట్ల డాలర్లకు పైబడిన సాయానికి ఒప్పందం కుదిరింది. అధికార పక్షం గ్రాండ్ నేషనల్ పార్టీగా పేరు మార్చుకున్నా జనం కోపం మారలేదు. మరోవైపు కిమ్ డే జంగ్ తన పాత ప్రత్యర్థి కిమ్ జోంగ్ పిల్‌తో చేతులు కలిపారు. రీకి ఓటేస్తే కిమ్ డే జంగ్ గద్దెనెక్కుతారని లీ శిబిరం ఊరూరా హెచ్చరించింది.

ఫలితం చూస్తే ఆ హెచ్చరికే నిజమైనట్లనిపిస్తుంది. కిమ్ డే జంగ్‌కు 40.3 శాతం, లీకి 38.7 శాతం, రీకి 19.2 శాతం. విజేతకు, రెండో స్థానానికి మధ్య తేడా 3 లక్షల 90 వేల ఓట్లు. రీకి పడినవి 49 లక్షల పైచిలుకు. అవన్నీ లీ ఖాతావేనని ఎవరూ చెప్పలేరు. అయితే అధికార పక్షానికి కంచుకోటలాంటి బూసాన్‌లోనే రీకి దాదాపు 30 శాతం ఓట్లు పడ్డాయి. కిమ్ డే జంగ్ తన జీవితంలో ఎన్నడూ బలం చూపలేకపోయిన ప్రాంతమది. అక్కడ చీలిన ఓట్లు ఎవరివో ఊహించడం కష్టం కాదు.

మాట తప్పిన మరొకరు

విచిత్రమేమిటంటే, ఒకరి మాట తప్పడం వల్ల లాభపడిన కిమ్ డే జంగ్ కూడా మాట నిలబెట్టుకున్నవారేమీ కాదు. నేరుగా అధ్యక్ష ఎన్నిక జరిపితే తాను పోటీ చేయనని 1986లో ప్రకటించారు. 1987లో ఆ ఎన్నిక వచ్చింది, ఆయనా బరిలోకి వచ్చారు. కిమ్ యంగ్ సామ్‌తో పాటు పోటీ చేసి ప్రతిపక్షం ఓట్లు చీల్చడంతో సైనిక పాలకుల వారసుడు రో టే వూ 36.6 శాతం ఓట్లతోనే గట్టెక్కారు. 1992లో కిమ్ యంగ్ సామ్ చేతిలో ఓడిన మర్నాడు కిమ్ డే జంగ్ రాజకీయాలకు స్వస్తి పలికారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జికి వెళ్లి చదువుకున్నారు. 1995లో తిరిగొచ్చి కొత్త పార్టీ పెట్టారు.

అయినా కొరియన్లు కిమ్ డే జంగ్‌ను మన్నించారు, రీని మన్నించలేదు. దీనికి గెలుపు ఒక కారణం. జైళ్లు, ప్రవాసం, మరణశిక్ష దాటి వచ్చిన మనిషన్న గౌరవం ఇంకో కారణం. 2000లో ఉత్తర కొరియా అధినేతతో భేటీ, అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి పాత మాటలను మరిపించాయి. అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. రాజకీయాల నుంచి తప్పుకుంటానన్నది నేత తనకు తాను పెట్టుకున్న గీత. దాటితే పోయేది ఆయన పరువు, తీర్పు చెప్పేది ఓటరు. ప్రైమరీ ఫలితానికి కట్టుబడతాననడం అలా కాదు. అది తోటి పోటీదారులతో చేసుకున్న ఒప్పందం. దాన్ని నమ్మే మిగతావారు పందెం కాస్తారు.

రీ తరవాతి కథ కూడా ఈ తేడానే చాటుతుంది. 1998లో ఆయన పార్టీ కిమ్ డే జంగ్ పార్టీలో కలిసిపోయింది. 2002లో ఆ పార్టీ సామాన్య ఓటర్లకూ చోటిస్తూ దేశంలోనే తొలిసారి ప్రాంతాల వారీగా ప్రైమరీలు జరిపినప్పుడు అభ్యర్థిత్వం రీదేనని అంతా అనుకున్నారు. మార్చిలో గ్వాంగ్‌జూ ఓటర్లు రో మూ హ్యూన్ వైపు మొగ్గడంతో గాలి మారింది. ఏప్రిల్‌లో రీ తప్పుకున్నారు, డిసెంబరులో పార్టీనే వీడారు. ఐదేళ్ల క్రితం ఎవరి ఓటమికి కారకుడన్న నింద మోశారో ఆ లీ హోయ్ చాంగ్‌కే మద్దతు పలికారు. రో నెగ్గారు. 2007లో మరోసారి అధ్యక్ష పదవికి పోటీ చేసిన రీకి ఒక శాతం ఓట్లు కూడా రాలేదు. పార్లమెంటుకు మాత్రం మొత్తం ఆరుసార్లు ఎన్నికయ్యారు. పార్టీలెన్ని మారినా సొంత ఊరు నోన్‌సాన్ చాలాకాలం ఆయన్ను వదల్లేదు.

ఆయన పేరిట చట్టం

రీ పేరు నిలిచిపోయింది మాత్రం ఎన్నికల చట్టంలో. పార్టీ ప్రైమరీలో ఓడినవారు అదే ఎన్నికలో అదే స్థానానికి నామినేషన్ వేయరాదని 2005లో చట్టాన్ని సవరించారు. జనం దాన్ని ‘రీ ఇన్ జే చట్టం’ అంటారు.

రెండేళ్లకే ఆ చట్టం బలమూ, బలహీనతా బయటపడ్డాయి. 2007లో గ్యోంగీ మాజీ గవర్నర్ సోన్ హాక్ క్యూ ప్రైమరీకి ముందే గ్రాండ్ నేషనల్ పార్టీని వీడి అవతలి పక్షంలో చేరారు. ఓడాక పోకూడదన్న చట్టం ఓడకముందు పోయినవారిని ఆపలేదు. ఇక 2002 ఓటమితో రాజకీయ సన్యాసం ప్రకటించిన లీ హోయ్ చాంగ్ 2007 నవంబరులో ఆ మాట పక్కన పెట్టి, తాను నడిపిన పార్టీపైనే స్వతంత్రుడిగా దిగారు. ప్రైమరీలో పాల్గొననే లేదు కాబట్టి ఆయనకు చట్టం అడ్డు రాలేదు. పదేళ్ల నాడు ఫిరాయింపుకు బలైన మనిషే ఇప్పుడు పార్టీ ఓట్లు చీల్చడానికి సిద్ధమయ్యారు. 15 శాతం ఓట్లతో మూడో స్థానం దక్కింది.

అదే ఏడాది అదే పార్టీలో మరో దృశ్యం కనిపించింది. ఆగస్టు ప్రైమరీలో పార్క్ గ్యున్ హేకు పార్టీ ఓట్లలో ఆధిక్యం దక్కినా సర్వే మార్కులు కలిపాక లీ మ్యుంగ్ బాక్ స్వల్ప తేడాతో నెగ్గారు. గొడవకు కావలసినంత సాకుంది. పార్క్ వేదికపైనే ఓటమిని ఒప్పుకుని పార్టీ గెలుపుకు పనిచేస్తానన్నారు. 2012లో ఆమె అభ్యర్థి అయ్యారు, అధ్యక్షురాలూ అయ్యారు. 2017లో అభిశంసనతో పదవి పోగొట్టుకోవడం వేరే కథ. ఓటమిని ఒప్పుకున్నవారికి రెండో అవకాశం ఉంటుందనడానికి మాత్రం ఆమె 2007 నిర్ణయమే ఉదాహరణ.

భారతీయ పాఠకుడికి ఇదంతా కొత్తగా తోచవచ్చు. ఇక్కడ బి-ఫారం ఎవరికివ్వాలో తేల్చేది అధిష్ఠానం. దక్కనివారు రెబల్‌గా నామినేషన్ వేస్తారు, పార్టీ ఆరేళ్లు సస్పెండ్ చేస్తుంది, గెలిస్తే గడువు తీరకుండానే కండువా కప్పుతుంది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ఎన్నికైన సభ్యులకే తప్ప టిక్కెట్ దొరకనివారికి వర్తించదు. కాంగ్రెస్ 2014లో కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీలు పెట్టింది. వడోదరలో నరేంద్ర మోదీ బరిలోకి దిగడంతో ప్రైమరీ నెగ్గిన అభ్యర్థి స్థానంలో మధుసూదన్ మిస్త్రీని నిలిపింది. కొరియాలో మాట తప్పింది ఓడినవారైతే, ఇక్కడ ఫలితాన్ని పక్కన పెట్టింది పార్టీయే.

రీ ఇన్ జే చట్టం ఓడినవారి నామినేషన్ పత్రాన్ని తిప్పి పంపగలదు. ఇచ్చిన మాట గుర్తు చేయాల్సింది మాత్రం ఓటరే. ఆ పని కొరియా ఓటరు 2007లో చేశాడు. కాకపోతే అప్పటికి పదేళ్లు గడిచాయి.