నీరంటని సరకులు - మూసీ నీరు

1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టబడిన పురానాపూలుపై నేడు కూరగాయల యంగళ్లున్నవి. చినుకు పడినంతనే అచ్చట బరకములు పైకి లేచును. బరకము నీటిని ఆపును గాని విదల్చదు. నీరు మడుగుగట్టి, బరువెక్కి, తుదకు ఏదో యొక చిరుగు వెదకికొని గంపలోనికి దిగును. ఆ గంపలోని చేమాకుపై పడిన బొట్టు మాత్రము ముత్యమువలె దొరలి, దుమ్మును గూడ వెంటగొని పోవును.

ఆకుపై మైనపు పూతయు, కంటికి గానరాని గరుకును గలవు. గరుకు సందులలో గాలి నిలుచుటచే బొట్టు ఆకును తాకీతాకక యుండును. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులైన బార్త్‌లాట్, నైన్‌హూయిస్‌లు 1997లో తామరాకు విషయమున దీనిని విశదపరచిరి.

ఈ విద్య మనకు దూరము కాదు. నగరమున కాగ్నేయముగా బాలాపూరులో నున్న కేంద్రప్రభుత్వ పరిశోధనాలయము, ఏ.ఆర్.సి.ఐ., సౌరఫలకములపై దుమ్ము నిలువనీయని యిట్టి పూతను సిద్ధపరచినది. సూక్ష్మమైన సిలికా రేణువులను సిలేను ద్రవ్యముతో కలిపి, వాని నీటిప్రీతిని పోగొట్టి పూయుట యొక పద్ధతి. ఆ సిలికా మన ధాన్యపు మిల్లుల ఊకలోనే యున్నది! నూరుపాళ్ల ఊక కాలినచో సుమారు ఇరువదిపాళ్ల బూడిద మిగులును, అందధికభాగము సిలికాయే. మిల్లుల వెనుక గుట్టలుపడి, గాలికెగిరి బాటసారుల కండ్లలో పడు బూడిదకు ధర వచ్చినచో మాగాణి రైతులకు మేలు కాదా? రాపిడికి గరుకు అరిగిన గుణము పోవుననునది నిజమే. మన్నికకై యింకను శ్రమింపవలసియున్నది.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి. నూనెను గూడ అంటనీయకుండుటకై పరిశ్రమలు చిరకాలము ఫ్లోరిన్ సమ్మేళనములను వాడినవి. అవి మట్టిలోను నీటిలోను చివుకవు. కొన్ని మనుష్యుల నెత్తుట చేరి యేండ్లతరబడి నిలుచును. వానిలో పి.ఎఫ్.ఓ.ఎస్. 2009లోను, పి.ఎఫ్.ఓ.ఏ. 2019లోను స్టాక్‌హోం ఒడంబడిక పట్టికల కెక్కినవి. పరదేశములు విడుచుచున్న సరకు చవుకయై మన కార్ఖానాలకు రాదని హామీ యెవరిచ్చెదరు?

వంతెన క్రింద మూసీ నగరపు మురికిని, కార్ఖానాల వ్యర్థమును ఇప్పటికే మోయుచున్నది. నగరము దాటిన పిమ్మట ఆ నీటితోనే వరియు, పశుగ్రాసమును పెంచుచున్నారు. కావున నీరంటని సరకుల కార్ఖానాకు అనుమతి నిచ్చునప్పుడే యిట్టి ఫ్లోరిన్ ద్రవ్యములను వాడరాదని షరతు విధింపవలెననియు, అది వదలు నీటిని పరీక్షించి ఫలితములను తెలుగు, ఉర్దూలలో ప్రకటింపవలెననియు మేము కోరుచున్నాము. ఇందుచే నూనె యంటని గుణము తగ్గును. కూరగాయలపై కప్పు బరకమునకు ఆ గుణముతో పనిలేదు.