తాళం జారిపోయే వయొలిన్

గుడివాడ వైపు కాలువగట్టు మీద రెండు ఆయిలింజన్లు పక్కపక్కనే నీళ్లు తోడుతుంటే కాసేపు నిలబడి వినాలి. మొదట రెండూ ఒకటే ఇంజనులా మోగుతాయి. అంతలో ఒకటి వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ‘డుగ్ డుగ్’ కాస్తా ‘డుడుగ్ డుడుగ్’ అవుతుంది. ఆ పైన, రెండింటిలో దేనిదీ కాని మూడో దరువొకటి లేస్తుంది.

ఈ జారుడునే కచేరీకి ఎక్కించిన రచన, అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1967లో రాసిన ‘వయొలిన్ ఫేజ్’. వేదిక మీద ఒకే వయొలిన్. తోడు ముందే రికార్డు చేసిన మూడు టేపు వరసలు. అవీ వయొలిన్ వాదనలే. పన్నెండు మాత్రల చిన్న స్వరాల గుత్తి టేపులో తిరుగుతూనే ఉంటుంది. వాయించే మనిషి మొదట దానితో కలుస్తాడు. తర్వాత తెలిసీ తెలియనంతగా వేగం పెంచి, ఒక మాత్ర ముందుకు చేరి అక్కడ నిలదొక్కుకుంటాడు. మళ్లీ జరుగుతాడు. వరసలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు, విడిగా ఎవరూ వాయించని పాటలు వినబడతాయి. వాటిలో తన చెవికి తగిలినవి ఏరి పైకి వినిపించడమూ అతని పనే. పావుగంట సేపు ఇంతే. మొదటి ఐదు నిమిషాలూ విసుగు పుడుతుంది, దాచడమెందుకు!

ఈ ఊహ యంత్రం చేసిన పొరపాటులో పుట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వీధి బోధకుడు నోవహు నాటి జలప్రళయం గురించి చేసిన ప్రసంగాన్ని రైష్ రికార్డు చేశాడు. (1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు ప్రళయమంటే ఏమిటో ఒకరు చెప్పాలా?) అందులోని ముక్కను రెండు టేపు యంత్రాల్లో పెడితే, కలిసి నడవాల్సినవి మెల్లగా ఎడమయ్యాయి. రైష్ సరిచేయలేదు, విన్నాడు. 1965లో వచ్చిన ‘ఇట్స్ గొన్న రెయిన్’ అదే.

మనవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారం. దివిసీమలో పెదకళ్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆ పంతులు గారి దగ్గర బాలమురళీకృష్ణ, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి. ఈ పరంపరలో పక్కవాద్యం గాయకుడి నీడ. తాళం జారితే పరువు పోయినట్టే. రైష్ రచనలో వయొలిన్ తన నీడనే వదిలి నడవాలి. అక్కడ జారడం తప్పు కాదు, ఠక్కున గెంతడం తప్పు.

బెల్జియం నర్తకి అన్నా టెరెసా డి కీర్స్‌మేకర్ ఈ సంగీతానికి నృత్యం కట్టింది. 2011లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఇసుక మీద ఆడితే, ఆమె అడుగులే పెద్ద పువ్వును గీశాయి. మొవ్వ పక్కనున్న కూచిపూడికి ఇది వింతేమీ కాదు. అక్కడి సింహనందిని నృత్యంలో 128 అక్షరాల తాళానికి నర్తకి రంగుపొడిలో పాదాలతోనే సింహాన్ని గీస్తుంది.

రైష్ 1985లో రాసిన ‘న్యూయార్క్ కౌంటర్‌పాయింట్’లో వేదిక మీద ఒక క్లారినెట్, టేపులో మరో పది. నిడివి పదకొండు నిమిషాలే. పెళ్లి బ్యాండులో క్లారినెట్ విని పెరిగిన బందరు చెవికి ‘వయొలిన్ ఫేజ్’ కన్నా ముందు దీన్ని రుచి చూపించడం మేలు.