బస్తరు వెండితెరకిచ్చిన బాలుడు: చెంద్రు మండావి

నటీనటుల జీవితచరిత్ర మన సాహిత్యంలో ఆలస్యంగా తలయెత్తిన శాఖ. కవుల జీవితాలు, దేశభక్తుల జీవితాలు గ్రంథస్థమైన తరువాత గాని రంగస్థలం మీదివారికి, వెండితెర మీదివారికి ఆ గౌరవం దక్కలేదు. దక్కినప్పుడైనా ఆ చరిత్రను వ్రాసినదెవరు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ విషయంలో భానుమతీ రామకృష్ణ అదృష్టవంతురాలు. 1939లో ‘వరవిక్రయం’ చిత్రంతో నటిగా అడుగుపెట్టిన ఆమె గాయనిగా, నిర్మాతగా, దర్శకురాలిగా పేరు గడించి, ‘అత్తగారి కథలు’ వ్రాసి రచయిత్రిగా కూడ స్థిరపడినది. తన జీవితాన్ని ‘నాలో నేను’ అన్న గ్రంథంగా తానే వ్రాసుకొన్నది. ఆ గ్రంథానికి చలనచిత్ర సాహిత్యంలో జాతీయ పురస్కారం లభించినది. ఆమెను గురించి ఎవరేమి వ్రాసినా, ఆమె మాట ఒకటి ఆ పక్కన ఎప్పుడూ నిలిచి ఉంటుంది. 2005లో ఆమె కన్నుమూసిన తరువాత కూడ ఆ మాట మూగపోలేదు.

దీనికి సరిగా వ్యతిరేకమైన కొసన నిలిచిన జీవితమొకటి తెలుగుదేశపు సరిహద్దులకు అనతిదూరంలోనే ఉన్నది. బస్తరు అరణ్యంలో పుట్టి, ఒకే ఒక చిత్రంలో నటించి, ఐరోపా ప్రేక్షకుల మన్ననలందుకొని, తిరిగి తన పల్లెకు చేరి, అక్కడనే వృద్ధుడై మరణించిన చెంద్రు మండావి జీవితమది. ఆయనను గురించి స్వీడిష్ భాషలో పుస్తకమున్నది, ఇంగ్లీషులో అనువాదమున్నది, హిందీ పత్రికలలో వ్యాసాలున్నవి. ఆయన మాతృభాష అయిన గోండిలో ఆయన చెప్పుకొన్న కథ మాత్రం గ్రంథరూపంలో ఎదురుకాదు. నటుని జీవితచరిత్రను గురించి ఆలోచించే రచయితలకు ఈ ఉదాహరణను మించిన పాఠం లేదు.

చెంద్రు ఊరు గఢ్‌బెంగాల్. నాడు బస్తరు జిల్లాలోనిది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి, 2007లో నారాయణపూర్ వేరు జిల్లా అయిన తరువాత ఆ జిల్లాలోనిది. ఇది మురియా గోండుల ప్రాంతం. తెలుగువారికి బస్తరు పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించినాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెబుతున్నది. బస్తరును చీల్చుకొని ప్రవహించే ఇంద్రావతి చివరకు గోదావరిలోనే కలుస్తున్నది. అన్నిటికంటె దగ్గరి చుట్టరికం భాషది. తెలుగు, గోండి, కుయి, కువి భాషలు ద్రావిడ కుటుంబంలో ఒకే ఉపశాఖకు చెందినవని 1961లో వెలువడిన ‘తెలుగు వెర్బల్ బేసెస్’ మొదలుకొని భద్రిరాజు కృష్ణమూర్తి నిరూపిస్తూ వచ్చినారు. అంటే చెంద్రు తల్లి ఒడిలో నేర్చిన పలుకు మన పలుకునకు తోబుట్టువు. మధ్యనున్నది అడవి మాత్రమే.

ఈ అడవికి 1950ల నడుమ ఒక స్వీడిష్ దర్శకుడు వచ్చినాడు. ఆయన పేరు ఆర్నె సుక్స్‌డార్ఫ్. 1917లో పుట్టిన ఈయన ప్రకృతి చిత్రాలకు ప్రపంచమంతటా పేరుపొందినవాడు. స్టాక్‌హోమ్ నగర జీవితాన్ని చిత్రించిన ఆయన లఘుచిత్రానికి 1949లో ఆస్కార్ బహుమానం వచ్చినది. 1953లో తీసిన ‘మహాసాహసం’లో పల్లెటూరి పిల్లలు, వారు దాచిపెట్టి పెంచుకొనే ఒక నీటికుక్క ప్రధాన పాత్రలు. అంతకుముందే ఆయన కాశ్మీరానికి వచ్చి లఘుచిత్రాలు తీసియున్నాడు. భారతదేశంలో పూర్తి నిడివి చిత్రం తీయాలన్న సంకల్పంతో బస్తరును ఎన్నుకొని, మురియా పల్లెలో చాలకాలం నివసించి తీసిన చిత్రమే ‘ఎన్ యుంగెల్ సాగా’. ‘అరణ్యగాథ’ అని దానికి అర్థం. ఇంగ్లీషులో దానిని ‘వేణువూ బాణమూ’ అన్న అర్థమిచ్చే పేరుతో ప్రదర్శించినారు. 1957లో విడుదలైన ఈ రంగుల చిత్రం విశాలమైన తెర కోసం తీసినది. సంగీతం రవిశంకర్‌ది. అంతకు రెండేళ్ల ముందు ‘పథేర్ పాంచాలి’కి ప్రాణం పోసిన సితారే ఇక్కడ బస్తరు అడవికి గొంతు ఇచ్చినది.

చిత్రంలో వృత్తినటులెవరూ లేరు. చెంద్రు, గింజో, రీగా అనే పేర్లతో తెర మీద కనిపించేవారు ఆ పల్లెవాసులే. తమ పేర్లతోనే తాము నటించినారు. పల్లెను పీడించే చిరుతపులి, దానిని ఎదిరించే వేటగాళ్లు, ఆ భయానికీ ఆ ధైర్యానికీ మధ్య పెరిగే ఒక బాలుడు: కథాసామగ్రి ఇంతే. జంతువుతో పిల్లవానికి గల చనువు సుక్స్‌డార్ఫ్‌కు అభిమాన విషయం. అందుచేత చెంద్రుకూ పులికూనకూ నడుమ స్నేహం చిత్రానికి, దాని కీర్తికి కూడ ఆయువుపట్టయినది. పులి పక్కన నిర్భయంగా కూర్చున్న ఆ బాలుని ఛాయాచిత్రాలు చూచినవారెవ్వరూ ఆ ముఖాన్ని మరచిపోలేరు.

అయితే ఈ చిత్రం ఏ కోవకు చెందుతుంది? దీనిని డాక్యుమెంటరీ అన్నవారున్నారు, కల్పితగాథ అన్నవారున్నారు. మనుష్యులు నిజమైనవారు, ఊరు నిజమైనది, నాట్యాలు, పూజలు నిజమైనవి. కాని ఘటనల కూర్పు దర్శకునిది. కథను నడిపేది వ్యాఖ్యాత స్వరం గాని మురియాల సంభాషణ కాదు. దర్శకుడు తాను చూచిన సత్యాన్ని తనకు తోచిన క్రమంలో పేర్చినాడు. కళలో ఇది తప్పని ఎవరూ అనరు. కాని ఒక వృత్తినటుడు పాత్ర ముగియగానే ముఖానికున్న రంగు తుడుచుకొని ఇంటికి పోతాడు. తన పేరే పాత్ర పేరుగా, తన ఊరే రంగస్థలంగా నటించిన బాలునికి తుడుచుకొనే రంగేదీ లేదు. పాత్ర అతనితోపాటు ఇంటికి వచ్చినది. జీవితాంతం అతని గడప విడువలేదు.

1958 కాన్ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం పోటీకి నిలిచినది. ఆ ఏడు పెద్ద బహుమానం రష్యావారి ‘కొంగలు ఎగురుతున్నవి’ చిత్రానికి పోయినది. సత్యజిత్ రాయ్ ‘పరశ్ పాథర్’ కూడ ఆ వరుసలోనిదే. చెంద్రు స్వీడన్ వెళ్లి దర్శకుని కుటుంబంతో కొంతకాలం గడిపినాడు. సుక్స్‌డార్ఫ్ భార్య ఆస్ట్రిడ్ మంచి ఛాయాచిత్రకారిణి. ఆమె చెంద్రునూ అతని పులికూననూ గురించి పిల్లల కోసం వెలువరించిన ఛాయాచిత్రాల పుస్తకం 1959లో స్వీడిష్‌లోను, మరుసటి ఏడు ఇంగ్లీషులోను వచ్చినది. ఐరోపా పిల్లలకు చెంద్రు పరిచితుడైనది సినిమా ద్వారా ఎంతయో, ఈ పుస్తకం ద్వారా అంతకు తక్కువ కాదు.

తరువాత అతడు ఊరికి తిరిగివచ్చినాడు. మరి ఏ చిత్రంలోను నటించలేదు. పొలం, అడవి ఆధారంగా, పేదరికంలో జీవితం గడిచినది. సుక్స్‌డార్ఫ్ 1960లలో బ్రెజిల్ చేరి, రియో నగరపు అనాథబాలల మీద 1965లో మరొక చిత్రం తీసి, 2001లో మరణించినాడు. దర్శకుని జీవితంలో బస్తరు ఒక అధ్యాయం. చెంద్రుకు అది సంపూర్ణ గ్రంథం. 2013 సెప్టెంబరు 18న ఆయన జగదల్‌పూరు ఆసుపత్రిలో కన్నుమూసినప్పుడు పత్రికలు ఆయన వయస్సు 78 అని వ్రాసినవి. ఆ లెక్క నిజమైతే చిత్రం విడుదలనాటికి ఆయన ఇరవై దాటిన యువకుడై ఉండాలి. తెర మీద కనిపించేదేమో పదేళ్ల పిల్లవాడు. లోకం ఆ ముఖంలోని ప్రతి రేఖనూ భద్రపరచినది గాని, పుట్టిన సంవత్సరాన్ని మాత్రం సరిగా వ్రాసుకోలేదు. దాచదగినది ఏది, దాచనక్కరలేనిది ఏది అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉండినదో ఈ ఒక్క అంకె చెబుతున్నది.

పత్రికలు ఆయనకు పెట్టిన బిరుదు ‘బస్తరు మోగ్లీ’. ప్రేమతో పెట్టిన పేరే. కాని తప్పు పేరు. కిప్లింగ్ కల్పించిన మోగ్లీ తోడేళ్లు పెంచిన పిల్లవాడు. అతనికి మనుష్యుల పల్లె పరాయిది. చెంద్రుకు తల్లిదండ్రులున్నారు, కులముంది, వేల్పులున్నారు, భాష ఉంది. మురియా బాలబాలికలు కూడి పాటలు, నాట్యాలు, పనిపాటలు, మర్యాదలు నేర్చుకొనే ఘోటుల్ అనే సంస్థను గురించి వెరియర్ ఎల్విన్ 1947లోనే బృహద్గ్రంథం వ్రాసినాడు. అక్కడ బాలుడు చేలిక్, బాలిక మోటియారి. వయస్సును బట్టి బాధ్యతలు, బాధ్యతను బట్టి గౌరవం ఏర్పడి ఉండే వ్యవస్థ అది. అటువంటి సమాజంలోని పిల్లవానిని మోగ్లీ అనడం అతనిని సమాజం లేనివానిగా చేయడమే. పులితో స్నేహం కంటికి ఆనినది; ఆ స్నేహానికి వెనుకనున్న సంస్కారం ఆనలేదు.

ఇట్టి జీవితాలు మరికొన్ని ఉన్నవి. మైసూరు ప్రాంతపు మావటివాని కుమారుడు సాబు 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’లో నటించి, ఇంగ్లండు మీదుగా అమెరికా చేరి, 1942లో మోగ్లీ పాత్రనే ధరించి, ఆ దేశపు పౌరుడై, 1963లో అక్కడనే మరణించినాడు. అతడు సినిమా వెంట వెళ్లిపోయినాడు. ‘పథేర్ పాంచాలి’లో దుర్గగా నటించిన ఉమా దాస్‌గుప్తా మరల వెండితెర వంక పెద్దగా చూడక, ఉపాధ్యాయినిగా జీవించి 2024 నవంబరులో మరణించినది. ఆమె సినిమాను విడిచిపెట్టినది. సాబుకు కొత్త వృత్తి దొరికినది. ఉమకు చదువు, నగరం, మాతృభాషలో తన మాట వినే పాఠకలోకం మొదటినుంచీ ఉండినవి. చెంద్రుకు ఈ రెండు దారులూ లేవు. అతడు సినిమా వెంట పోలేదు, సినిమాను విడిచిపెట్టనూ లేదు. సినిమాయే అతనిని విడిచిపెట్టినది. ఈ మూడింటికీ భేదం ప్రతిభలో లేదు. చిత్రీకరణ ముగిసిన మరునాటి జీవితానికి ఎవరు ఏ ఏర్పాటు చేసినారన్నదానిలో ఉన్నది.

ఇంతమాత్రాన సుక్స్‌డార్ఫ్‌ను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఆయన కెమెరా మురియాలను వింతజంతువులుగా చూపలేదు. వారి శరీరాలలోని లాఘవాన్ని, ముఖాలలోని గాంభీర్యాన్ని ప్రేమించి చూపినది. ఆ చిత్రమే లేకున్న 1950ల నాటి గఢ్‌బెంగాల్ రూపురేఖలు ఇంత సజీవంగా నేటివారికి దక్కేవి కావు. కాని ప్రేమ వేరు, పొత్తు వేరు. ప్రేమించినవాడు చూచి పోతాడు. పొత్తు కలిసినవాడు ఫలితాన్ని పంచుకొంటాడు. ఆదివాసి జీవితాన్ని వస్తువుగా స్వీకరించే ప్రతి కళాకారుడూ, ప్రతి రచయితా ఈ రెండింటిలో తనది ఏదో తేల్చుకోవలసి ఉన్నది.

తెలుగు రచయితలకు ఈ ప్రశ్న మరింత సన్నిహితం. 1940లలో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ దంపతులు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించి, గోండి వాచకాలు తయారుచేయించినారు. సాహు, అల్లం రాజయ్య కలిసి 1983లో ‘కొమురం భీం’ నవల వెలువరించినారు. అంటే ఈ నేల మీద గోండి అక్షరానికీ, గోండుల కథకూ కొంత చరిత్ర ఉన్నది. అయినా 2011 జనాభా లెక్కల ప్రకారం 29 లక్షలకు పైగా మాట్లాడే ఈ భాషకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో ఇంకను చోటు లేదు. 2003 నాటి సవరణతో సంతాలీ, బోడో భాషలు అందులో చేరినవి, గోండి చేరలేదు. షెడ్యూలు ఒక్కటే సాహిత్యాన్ని పుట్టించదన్నది నిజమే. కాని చెంద్రువంటి మనిషి కూర్చొని చెప్పుకొంటే వ్రాసుకొనే చేయి, అచ్చువేసే సంస్థ, చదివే పాఠకుడు ఆ భాషలో ఉండాలంటే గుర్తింపు మొదటి మెట్టు. తోబుట్టువు భాష నుండి తెలుగులోనికి నేరుగా అనువదించగలవారిని తయారుచేసుకోవడం మన వంతు పని. స్వీడిష్ నుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషు నుండి తెలుగునకు వచ్చే చెంద్రు చాల దూరం తిరిగి వచ్చినవాడు. గోండి నుండి తెలుగునకైతే ఒక్క ఏరు దాటిన చాలు.

నయా రాయపూర్ జంగిల్ సఫారీలో పులితో కూడిన చెంద్రు విగ్రహం నిలిపినారు. విగ్రహంలో ఆయన బాలుడే. లోకం ఆయనకు పెద్దవాడయ్యే అవకాశం ఇచ్చినట్లు లేదు. అయితే ఆ ఊరి కథ విగ్రహంతో ముగియలేదు. అదే గఢ్‌బెంగాల్‌కు చెందిన పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ వచ్చినది. ఆయన కొయ్యపని నేర్చిన శిల్పి. గాలిలో త్రిప్పితే మ్రోగే ‘సులుర్’ అనే వెదురు వేణువును చేయడంలో దిట్ట. పల్లెటూరి మురియా తన చేతిపనితో, తన పేరుతో, తన వయస్సుతో గౌరవం పొందినాడు. ఒక విదేశీయుడు తన చిత్రానికి పేరుగా పెట్టుకొన్న వేణువు ఆ ఊరివారి చేతిలోనే ఉన్నది, మ్రోగుతూనే ఉన్నది. ఇక ఆ ఊరివారి మాటకు కూడ అదే స్థానం దొరకవలసి ఉన్నది.