నీలి సాలీడు, ఒకే ఒక్క గుడ్డు

అడవి జీవాల్లో మన తెలుగు ఊరి పేరుతో లోకమంతా తెలిసినది ఒక సాలీడు. గుత్తి టరాంటులా. 1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త పొకాక్ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆయనకు అందిన నమూనా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. ఆ తర్వాత నూరేళ్ళ పైచిలుకు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మళ్ళీ కనబడింది. గుత్తికి అది రైలెక్కి కలపతో పాటే వచ్చి ఉంటుందని అంచనా. దాని నీలం రంగు పూత లాంటిది కాదు. ఒంటి మీది వెంట్రుకల అతిసూక్ష్మమైన అల్లిక మీద వెలుగు పడి అలా మెరుస్తుంది. ఆ మెరుపే దాని ప్రాణం మీదికి తెచ్చింది. విదేశాల్లో సాలీళ్ళను పెంచుకునేవాళ్ళు దీనికోసం ఎగబడతారు. ఇటు పెద్ద చెట్లు పోతున్నాయి, తొర్రలూ పోతున్నాయి.

అంతకన్నా పెద్ద కథ కడప జిల్లా లంకమల అడవుల కలివికోడిది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత మాయమైంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకులాట ఫలించింది. అయితే పక్షిని చేత్తో పట్టుకున్నది మాత్రం అక్కడి ఒక పిట్టల వేటగాడు, రాత్రివేళ టార్చి వెలుగులో. అది రాత్రి తిరిగే పక్షి అని ఆ అడవి మనిషికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు.

తర్వాతి పరిశోధకులు పిట్టను వెంటాడలేదు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి దాని మీద పడిన కాలి గుర్తులు చదివారు. పొద్దుగుంకాక కాసేపే వినిపించే కూతను పట్టుకున్నారు. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచబడ్డా అది ఉండలేదని అలాగే తేలింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. ఈ పక్షి గుడ్డు ప్రపంచం మొత్తం మీద తెలిసినంతలో ఒక్కటే. అదీ స్కాట్లాండ్‌లో, అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో. డీఎన్‌ఏ పరీక్షతో అది కలివికోడిదేనని నిర్ధారించారు. చాలా ఏళ్ళ మౌనం తర్వాత 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూతను మళ్ళీ రికార్డు చేశారు.

మనుషులే పెంచి అడవికి తిరిగి పంపిన జీవం కూడా ఒకటి ఉంది. మూషిక జింక మన దేశంలో గిట్టలున్న జంతువుల్లో అతి చిన్నవాటిలో ఒకటి, జానెడున్నర ఎత్తు కూడా దాటదు. హైదరాబాద్ నెహ్రూ జూలో సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల తోడ్పాటుతో వీటి సంతతిని పెంచి, 2017లో తొలి జట్టును అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి పంపారు.

చిన్నదాని తర్వాత పెద్దది. వేల్ షార్క్ ప్రపంచంలోని చేపలన్నిటిలోకీ పెద్దది. గుజరాత్ తీరంలో ఒకప్పుడు దీన్ని విచ్చలవిడిగా చంపేవారు. 2001లో చట్టం దీనికి రక్షణ ఇచ్చింది. చట్టం ఒక్కటే చాలలేదు. 2004లో రామకథా ప్రవచనకర్త మొరారి బాపు దీన్ని పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురిగా చెప్పి జాలర్ల మనసు మార్చారు. వలలో పడితే వల కోసి వదిలేస్తున్నారు, వల నష్టానికి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒకటి కొట్టుకొస్తే మన మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి సముద్రంలోకి పంపారు.

ఆ పురిటి మాట శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఎవరూ నేర్పకుండానే ఉంది. ఏటా ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టే పెలికాన్లను, రంగు కొంగలను అక్కడివాళ్ళు పురిటికొచ్చిన ఆడబిడ్డలంటారు. సైబీరియా పక్షులని ప్రచారం ఉన్నా ఇవి అచ్చంగా మన దేశపు పక్షులే. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు దయచేసి చెట్ల కిందికి వెళ్ళి కేకలు వేయకండి, డ్రోన్లు ఎగరేయకండి. తల్లి పక్షి బెదిరి లేచిపోతే గూట్లో పిల్లలు ఎండకు మాడిపోతాయి.