గడ్డకట్టని నీళ్ల కథ

ఏలూరు నుంచి దెందులూరు, భీమడోలు పక్కగా తూర్పుకు సాగే పదహారో నంబరు జాతీయ రహదారి మీద చీకటి పడిందంటే చేపల లారీలు కనిపిస్తాయి. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసు పొరల మధ్య సర్దుకుని బెంగాలుకు, అస్సాముకు బయలుదేరతాయి. లారీ వెనక పెట్టెల్లో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గర. ముందు క్యాబిన్ కింద ఇంజను చుట్టూ తిరిగే ద్రవం తొంభై డిగ్రీలకు అటూ ఇటూ. ఒకే బండిలో ఒకచోట నీరు గడ్డగా ఉండి తీరాలి, ఇంకోచోట ఎప్పటికీ గడ్డకట్టకూడదు. మోటారు బండి పుట్టాక ఈ రెండో పని సాధించడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ఆ సమస్యా, దానికి తొలి పరిష్కారమూ రెండూ మన ఐసు ఫ్యాక్టరీలోనే కనిపిస్తాయి. పాత పద్ధతి ఫ్యాక్టరీలో చెక్క మూతలు పరిచిన పెద్ద తొట్టి ఉంటుంది. ఒక మూత తీసి చూస్తే లోపల నల్లగా ఉప్పునీళ్లు. అమ్మోనియా గొట్టాలు ఆ నీటిని సున్నాకు దిగువన, మైనస్ 8, మైనస్ 10 డిగ్రీల దాకా చల్లబరుస్తాయి. అయినా అది పారుతూనే ఉంటుంది. అందులో దించిన రేకు డబ్బాల్లోని మంచినీళ్లు మాత్రం గంటల తరబడి ఉండి దిమ్మలవుతాయి. ఆ డబ్బాలకు అడుగు సన్నం, మూతి వెడల్పు. నీళ్లు అంచు దాకా పోయరు. గడ్డకట్టే నీరు తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది కాబట్టి, పైన దానికి చోటుండాలి.

ఇంజను బ్లాకులో అలా చోటు వదలలేదు.

సిలిండర్ల చుట్టూ పోతపోసిన ఇనుములో నీళ్లు తిరిగే సందులు ఉంటాయి. చలికి అందులోని నీరు గడ్డకడితే, దాని అణువులు ఆరు మూలల గూళ్లుగా కుదురుకుని ఎడంగా జరుగుతాయి. ఆ నెట్టుడుకు పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఒక్కోసారి బ్లాకు పక్క రంధ్రాలకు బిగించిన చిన్న గుండ్రటి రేకు మూతలు ముందుగా బయటికి తోసుకొస్తాయి. అవి ఉన్నది ఇంజనును కాపాడటానికే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రంధ్రాలు బ్లాకు పోతపోసేటప్పుడు లోపలి ఇసుకను తీయడానికి ఉంచినవి. మూత ఊడి బ్లాకు బతికితే అదృష్టమే, దాన్ని నమ్ముకోవడానికి లేదు.

దెందులూరులో పుట్టి పెరిగినవాళ్లకు ఈ ముప్పు ఇంటి దగ్గర ఎదురుకాదు. ఎముకలు కొరికే చలి అని మనం అనుకునే సంక్రాంతి ముందు రాత్రి కూడా నీరు గడ్డకట్టేంత చలి ఉండదు. కానీ ఈ జిల్లాల పిల్లలు ఇప్పుడు షికాగోలో, మినియాపొలిస్‌లో, కెనడాలోని ఎడ్మంటన్‌లో కార్లు నడుపుతున్నారు. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 31 డిగ్రీల దరిదాపులకు పడిపోయింది. అలాంటి పొద్దున, రేడియేటరులో వేసవిలో పోసిన వట్టి నీళ్లే మిగిలి ఉంటే కారు గతేమిటి?

ఈ ప్రశ్న తొలి కార్లతోనే పుట్టింది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, వంద కిలోమీటర్లకు పైగా, ఆ బండిని నడుపుకుంటూ వెళ్లింది. దారి పొడవునా నీళ్ల కోసం ఆగడమే ఆమెకు పెద్ద పని అయింది. 1900 చివర్లో విల్హెల్మ్ మేబాక్ తేనెపట్టు రేడియేటరు తయారుచేశాడు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన అతికించి, వాటి గుండా గాలి వీచేలా, సందుల్లో నీరు తిరిగేలా కూర్చాడు. మొదటి మెర్సిడెస్ కారు దానితోనే వచ్చింది. తక్కువ నీళ్లతో పెద్ద ఇంజనును చల్లబరచడం సాధ్యమైంది. ఈ రోజు మన లారీ ముందున్న జాలీ దాని వారసురాలే.

వేడి సంగతి తేలింది, చలి సంగతి మిగిలింది. చలి దేశాల డ్రైవర్లు రాత్రికి నీళ్లు వంపేసి, పొద్దున వేడినీళ్లు పోసుకునేవారు. మన ఐసు ఫ్యాక్టరీ ఉపాయం కూడా వాళ్లకు తట్టింది. కాల్షియం క్లోరైడ్ కలిపిన ఉప్పునీళ్లు రేడియేటరులో పోశారు. అవి గడ్డకట్టలేదు గానీ లోహాన్ని తినేశాయి. మిథైల్ ఆల్కహాల్ పోశారు. ఇంజను వేడెక్కగానే అది ముందుగా ఆవిరై ఎగిరిపోయేది, మర్నాటి చలికి మళ్లీ వట్టి నీళ్లే. గ్లిజరిన్ మంచిదే, ఖరీదు ఎక్కువ.

అసలు మందు అప్పటికే ప్రయోగశాలలో ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్జ్ 1850లలోనే ఇథిలీన్ గ్లైకాల్‌ను తయారుచేశాడు. దాన్ని ఏం చేసుకోవాలో చాలాకాలం ఎవరికీ తోచలేదు. 1920లలో అమెరికాలో యూనియన్ కార్బైడ్ దాన్ని భారీగా తయారుచేయడం మొదలుపెట్టింది. భోపాల్ పేరుతో మనకు మానని గాయంగా గుర్తున్న కంపెనీ అదే. 1927లో ప్రెస్టోన్ అనే పేరుతో ఆ గ్లైకాల్ కార్ల కోసం బజారులోకి వచ్చింది. నీటి కంటే ఎక్కువ వేడికి గాని మరగదు, మంటకు అంత తేలిగ్గా అంటుకోదు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లను చల్లబరిచింది కూడా గ్లైకాలే.

ఇందులో ఒక చిత్రం ఉంది. వట్టి గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. నీళ్లు సున్నా దగ్గర. రెండూ సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టవు. నీటి అణువులు వరసగా కూర్చోబోతుంటే గ్లైకాల్ అణువులు మధ్యలో దూరి అడ్డుపడతాయి. గ్లైకాల్ గూడు కట్టుకోబోతే నీళ్లు అడ్డుపడతాయి. అందుకే మొత్తం గ్లైకాలే పోస్తే ఇంకా మంచిదనుకునేవాడు చలి దేశంలో నష్టపోతాడు.

ఇక గడ్డకట్టిన ఇంజను సంగతి. మొదటి నియమం, తాళం తిప్పకూడదు. వాటర్ పంపు ఐసులో బిగుసుకుపోయి ఉంటుంది. ఇంజను తిరిగితే బెల్టు కీచుమంటూ జారుతుంది, లేదా తెగుతుంది. కొంచెం నీళ్లు, కొంచెం ఐసు గుజ్జుగా ఉన్నప్పుడు మోసం ఇంకా లోతు. ఇంజను వేడెక్కుతుంది గానీ రేడియేటరు మూసుకుపోయి ఉంటుంది, ద్రవం తిరగదు. బయట మంచు కురుస్తుండగానే లోపల ఇంజను హీటెక్కి హెడ్డు వంగిపోవచ్చు.

చేయాల్సింది ఓపిక పట్టడమే. బండిని వెచ్చటి షెడ్డులోకి తోసి, గంటల తరబడి, అవసరమైతే ఒక రోజంతా కరగనివ్వాలి. మరిగే నీళ్లు కుమ్మరిస్తే చల్లటి ఇనుము పగులుతుంది. మంట పెట్టడం మరీ ప్రమాదం. కరిగాక గానీ నష్టం బయటపడదు, ఎందుకంటే అంతదాకా పగులును ఐసే మూసి ఉంచుతుంది. కింద చుక్కలు పడుతున్నాయేమో చూడాలి. ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు లోపలికి చేరాయని అర్థం, ఇంజను విప్పక తప్పదు. అంతా బాగుంటే పాత ద్రవం వంపేసి, సగం గ్లైకాల్ కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ పోసి, ఎంత చలికి తట్టుకుంటుందో చిన్న పరికరంతో కొలుస్తారు.

ఎడ్మంటన్ లాంటి ఊళ్లలో కారు ముందు భాగం నుంచి కరెంటు వైరు వేలాడుతుండటం మామూలు దృశ్యం. అది ఇంజనును వెచ్చగా ఉంచే హీటరుది. అమెరికాలోని నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇలాంటి హీటరుకు 1949లో పేటెంటు పొందాడు. మన దేశంలో లడఖ్ దారుల్లో కూలెంటు ఒక్కటే చాలదు, అక్కడ డీజిల్‌లోని మైనం కూడా గట్టిపడుతుంది. ఇండియన్ ఆయిల్ మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్‌ను 2019 నవంబరులో లడఖ్‌లో ప్రవేశపెట్టింది.

మరి మంచు ఎరగని దెందులూరులో కూలెంటు దేనికి? ఈ ప్రశ్న వేసేవాళ్లు చాలామందే ఉన్నారు, బోరు నీళ్లు పోసి నడిపేవాళ్లూ ఉన్నారు. కొల్లేటి అంచున చాలాచోట్ల బోర్లలో పడేది ఉప్పునీళ్లే. ఆ నీరు రేడియేటరు సన్న గొట్టాల్లో సున్నంలా పేరుకుంటుంది, అల్యూమినియంను తొలిచేస్తుంది. ఒకప్పుడు చలి దేశాల డ్రైవర్లు తెలిసి పోసి చెడగొట్టుకున్న ఉప్పునే మనం తెలియక పోస్తున్నాం. కూలెంటులో తుప్పును ఆపే మందులుంటాయి. సగం సగం మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటరు మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల 125 దాటినా మరగదు. మే నెలలో, లోడు బండితో, అది చాలా పెద్ద ఊరట.

ఆ ఒత్తిడే ప్రమాదం కూడా. హీటెక్కిన బండి ఆపి, మూత మీద తడి గోనెగుడ్డ వేసి తిప్పడం క్లీనర్లకు అలవాటు. మూత వదులైన క్షణంలో ఒత్తిడి పడిపోయి, లోపలి ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. గోనెగుడ్డ దాన్ని ఆపలేదు. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత ముట్టాలి. ఇంకో అలవాటు థర్మోస్టాట్ పీకేయడం. 1930లలో సెర్జియస్ వెర్నే రూపొందించిన ఆ చిన్న కవాటంలో మైనపు ముద్ద ఉంటుంది. అది కరిగి ఉబ్బితేనే రేడియేటరుకు దారి తెరుచుకుంటుంది. పీకేసిన బండి వేడెక్కడానికి చాలాసేపు తీసుకుంటుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. ఒంట్లోకి పోతే ఆక్సలేట్ స్ఫటికాలుగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎవరైనా మింగితే లక్షణాల కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, విరుగుడు మందు ఉంది. కూల్‌డ్రింకు సీసాలో పోసి షెడ్డు మూల పెట్టిన కూలెంటు, దాహంతో వచ్చిన పిల్లవాడికి షర్బత్తులా కనిపిస్తుంది.

పాత కూలెంటును కాలువలో వంపేయడం ఈ ప్రాంతానికి మరీ చేటు. గ్లైకాల్‌ను నీటిలోని బ్యాక్టీరియా తినేస్తుంది, కానీ తినేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేస్తుంది. విమానాల మీది మంచును గ్లైకాల్‌తో కరిగించే చలి దేశాల విమానాశ్రయాలు ఆ ద్రవాన్ని వాగుల్లో కలవకుండా పట్టి శుద్ధి చేసేది ఇందుకే. కొల్లేటి రైతుకు ఆక్సిజన్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయంటే పరుగెత్తుకెళ్లి ఏరియేటర్లు వేసేది అతనే. షెడ్డులో మూత గట్టిగా పట్టే ఒక పాత ఆయిల్ క్యాను పక్కన పెట్టుకుంటే ఆ ద్రవం కాలువ దాకా పోదు.